కర్రెగుట్టలు, గాజా, మన పత్తి, పోడు పట్టా: మీరేమంటరు?

హన్మకొండ_పోరడు
అందరికి నమస్తే. ఇది 2025 నవంబర్ నెలాఖరుల రాస్తున్న. మస్తు రోజుల సంది మనసుల ఉన్న ముచ్చట, కొంచెం పెద్దగుంటది, ఓపిక చేసుకొని చదువుండ్రి. మా అదాలత్ దగ్గర చాయ్ హోటల్ల పొద్దున కూసుంటే గాజాల కాల్పుల విరమణ నిలబడ్తదా లేదా, ఉక్రెయిన్ సంగతి ట్రంప్ ఏమన్నడు, పుతిన్ ఏమన్నడు, గివే మాటలు. మాట్లాడాలె, తప్పేం లేదు. గాజా పిల్లల వీడియోలు చూసిన రోజు నాక్కూడ అన్నం దిగలే. కానీ అదే హోటల్ల ఛత్తీస్‌గఢ్ సరిహద్దుల ఉన్న కర్రెగుట్టల పేరు ఎత్తితే అందరు ఫోన్లల్లకు మొకం పెడ్తరు. హన్మకొండ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం కల్లా వెంకటాపురంల దిగుతం. ఏప్రిల్ మే నెలల్ల 21 రోజులు నక్సలైట్ల కోసం ఆ గుట్టల మీద హెలికాప్టర్లు తిరిగినయి, 31 మంది నక్సలైట్లు సచ్చిపోయిన్రని సర్కారే చెప్పింది. మే 21న మావోయిస్టు పార్టీ పెద్ద నంబాల కేశవరావు అబూజ్‌మడ్ అడవిల ఎన్‌కౌంటర్ల పోయిండు, మన వరంగల్ ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీల చదివిన మనిషి. అక్టోబర్ల ఆ పార్టీ నాయకుడే, పెద్దపల్లి మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిల తుపాకి అప్పజెప్పిండు. మొన్న నవంబర్ 18న మారేడుమిల్లిల ఇంకో నాయకుడు హిడ్మా పోయిండు. 2026 మార్చి 31 కల్లా నక్సలైట్లు మొత్తం అయిపోవాలె అని కేంద్ర హోంమంత్రి తారీఖు పెట్టిండు. సరే, అయిపోయిందనే అనుకుందాం. ఏప్రిల్ 1 పొద్దుగాల ఆ అడవిల ఉన్న కోయ మనిషి చేతుల ఏముంటది? భూమి కాగితం ఉంటదా, లేకపోతే పోలీసు క్యాంపు మాత్రమే ఉంటదా? దీని మీద మీరేమనుకుంటున్నరో చెప్పుండ్రి. తిట్లు మాత్రం వద్దు.

జగిత్యాల_గల్ఫన్న
తమ్మీ నీ బాధ అర్థమైంది గని ఒక్క మాట. గాజా, ఇరాన్ ముచ్చట్లు నీకు చాయ్ కాడి ముచ్చట్లు గావచ్చు, మాకు గాదు. జూన్ 23 రాత్రి ఇరాన్ మిసైళ్లు ఖతర్ల అమెరికా బేస్ మీద పడ్డప్పుడు మా తమ్ముడు దోహాల ఉన్నడు, ఫోన్ కలువలే, విమానాలు బందయినయి, మా అవ్వ తెల్లారేదాక వాకిట్ల కూసున్నది. మా దిక్కు ఊర్లల్ల సగం ఇండ్లు గల్ఫ్ పైసల మీద నడుస్తున్నయి, ఇజ్రాయెల్ల ముసలోళ్లను చూసుకునే పనికి పోయినోళ్లు గూడ ఉన్నరు, జూన్ల ఆ 12 రోజులు బంకర్లకు ఉరుక్కుంట వీడియో కాల్ చేసిన్రు. రష్యాల కొలువు అని చెప్పి తీస్కపోయి యుద్ధంల నిలబెట్టిన పోరగాండ్లల్ల తెలంగాణోళ్లు గూడ ఉన్నరు, ఒగాయన పానమే పోయింది. గందుకే ప్రపంచ యుద్ధాలు దూరం అనకు. ఉన్న ఊర్లె నాలుగెకరాలు నీళ్లున్న భూమి ఉంటే ఎవ్వడు ఎడారికి పోడు.

హన్మకొండ_పోరడు
అన్నా నేను దూరం అనలే. దూరం సంగతి అంత గట్టిగ మాట్లాడెటోళ్లం దగ్గరి సంగతి ఎందుకు మాట్లాడ్తలేం అని అడుగుతున్న. మీ తమ్ముడు మంచిగున్నడా ఇప్పుడు?

జగిత్యాల_గల్ఫన్న
మంచిగనే ఉన్నడు. అకామా, అంటే ఆడ ఉండే పర్మిట్, రెన్యువల్ అయింది. వచ్చే ఎండకాలం వస్త అన్నడు.

నర్సంపేట_రైతు
నేను రాజకీయాలు ఎక్కువ రాయ, గని ఈ యుద్ధాలు మా చేన్లకు ఎట్ల వచ్చినయో చెప్త. ఆగస్టు సెప్టెంబర్ల యూరియా కోసం సొసైటీ గోదాం ముందల తెల్లారుజామున మూడింటికి చెప్పులు, పట్టాదారు పాసుబుక్కులు లైన్ల పెట్టినం. ఆడోళ్లు చంటి పిల్లలతోటి వచ్చిన్రు. ఎందుకట్లయింది అంటే ఒక్క కారణం గాదు, చైనా ఎగుమతి తగ్గించింది, ఎర్రసముద్రంల ఓడల మీద దాడులతోటి రవాణా పెరిగింది, జూన్ల ఇజ్రాయెల్ ఇరాన్ కొట్లాటల ఇరాన్ల, గ్యాస్ రాక ఈజిప్టుల యూరియా ఫ్యాక్టరీలు ఆగినయి, రేటు ఎగిరింది, దానికి తోడు మన రామగుండం ఫ్యాక్టరీ సరిగ్గ అవసరం ఉన్నప్పుడే బంద్ పడ్డది. రాష్ట్రం కేంద్రాన్ని అన్నది, కేంద్రం రాష్ట్రాన్ని అన్నది, పొట్టకొచ్చే పైరుకు మందు మాత్రం పడలే.

ఇగ పత్తి. రష్యా నూనె కొంటున్నమని అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, బట్టల మిల్లులు నష్టపోతయని కేంద్రం బయటి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది, ముందు సెప్టెంబర్ దాక అన్నరు, మళ్ల డిసెంబర్ 31 దాక పెంచిన్రు. సరిగ్గ మా పత్తి ఏరే టైం గది! మిల్లులను కాపాడొద్దు అంటలేను, గని ఆ భారం మొత్తం తెచ్చి పత్తి రైతు నెత్తిన పెట్టుడేంది? 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాలుకు 8,110 అని కాగితం మీద ఉండె. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ వాళ్లు తేమ 12 శాతం దాటితే తీసుకోరు, అక్టోబర్ నెలాఖరుకు మొంథా తుఫాన్ల వరంగల్ మొత్తం మునిగింది, కాయ మీదున్న పత్తి తడిసి నల్లవడ్డది, ఇగ 12 శాతం ఎక్కడి నుంచి తేవాలె? పైంగ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకోవాలె, ఎకరానికి 7 క్వింటాళ్లే అన్నరు. తిప్పి పంపినంక ఎనుమాముల మార్కెట్ల అడ్తి కాడ ఎంతంటే అంతకు పోసి వచ్చినం.

ఇది పట్టా ఉన్న నా కథ. మా పక్కన అడవి భూమిల పోడు చేసుకునే కోయాయన ఉన్నడు, ఇదే పత్తి, ఇదే వాన. ఆయన పంట ఆన్‌లైన్ల ఎక్కది, సీసీఐకి పోనేపోడు, విత్తనాలకు అప్పిచ్చిన షావుకారికే కల్లంల కాంటా పెట్టి ఇయ్యాలె. ఇన్సూరెన్స్ లేదు, తుఫాన్ నష్టం రాసుకోవడానికి వచ్చిన సారు ఆయన చేను దాటుకొని పోయిండు. ట్రంప్ సుంకం పెంచితే నాకు దెబ్బ తగిలింది, ఆయనకు నాకంటే రెండింతలు తగిలింది, ఎందుకంటే ఆయన దగ్గర ఆ ఒక్క కాగితం లేదు.

హన్మకొండ_పోరడు
అన్నా ఇదే నేను చెప్పాలనుకున్నది, నాకంటే మంచిగ చెప్పినవ్.

ఖాకీ_ఇంటి_బిడ్డ
మా నాన్న కానిస్టేబుల్, ఇప్పుడు రిటైర్. 90లల్ల ఏజెన్సీల డ్యూటీ అంటే మా ఇంట్ల ఎవ్వరం నిద్రపోయెటోళ్లం గాదు. మొదటి పోస్టుల చనిపోయిన నక్సలైట్ల లెక్క మొత్తం రాసిన్రు, మే 8న వాజేడు దిక్కు మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు పోయిన సంగతి ఎందుకు రాయలేదన్నా? వాళ్లవి ప్రాణాలు కావా? వాళ్లు కూడా రైతుల పిల్లలే. 2024 నవంబర్ల అదే వాజేడులో ఇన్‌ఫార్మర్లు అని ఇద్దరు అన్నదమ్ములను చంపిండ్రు, వాళ్లు ఆదివాసీలే, అందుల ఒకాయన పంచాయతీ కార్యదర్శి. తుపాకి పోవాలె, అది ఎవరి చేతుల ఉన్నా. ఈ విషయంల నేను ప్రభుత్వం దిక్కే ఉంటా, ఎవరేమన్నా సరే.

రిటైర్డ్_మాస్టర్_ములుగు
అమ్మా, నువ్వన్నది న్యాయమే. రెండు దిక్కులా చనిపోయింది పేదింటి పిల్లలే. కానీ ఒకటి గుర్తు చేస్తా. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి, నక్సలైట్ నాయకులు అడవి నుంచి వచ్చి ప్రభుత్వంతో ఒకే బల్ల ముందు కూర్చున్నారు. అప్పుడు ఈ జిల్లాలో ఊపిరి పీల్చుకున్న రోజులు నాకు బాగా తెలుసు, బడికి పోయే దారిలో ఎవరూ ఆపి అడగలేదు. ఆ చర్చల్లో భూమి ప్రశ్నే పెద్ద ప్రశ్న. 2005 జనవరికల్లా అవి చెడిపోయాయి, భూమి ప్రశ్న మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. ఈ ఏడాది కూడా చర్చలు జరపాలని శాంతి కమిటీ పెద్దలు ముఖ్యమంత్రిని కలిశారు, ఎల్కతుర్తి సభలో కేసీఆర్ ఆపరేషన్ కగార్, అంటే ఈ నక్సలైట్ల ఏరివేత, ఆపాలన్నారు. ఎవరెవరు ఏ లెక్కతో అన్నారో నాకనవసరం, అడగడం మంచిదే. లొంగిపోయిన వాళ్లను బతకనిచ్చినట్టే పట్టుకోగలిగిన వాళ్లను పట్టుకుని కోర్టుకు తేవచ్చు కదా అన్నది నా మాట. కోర్టు ఉన్న దేశం మనది.

ఏటూర్నాగారం_టీచరమ్మ
నేను కోయ ఆడబిడ్డను, ఏజెన్సీ బడిలో చెప్తాను. ఇంతసేపు చదివిన, ఇప్పుడు రాస్తున్న.

మా ఊర్లల్ల అన్నలు, అంటే నక్సలైట్లు, వస్తే అన్నం పెట్టాలె, పెట్టకపోతే ఒక భయం. పెడితే పోలీసు సార్లు పిలిచి ఎవరికి పెట్టినవ్ అని అడుగుతరు, అది ఇంకో భయం. 2024 జూన్‌లో కొంగాల దగ్గర కట్టెల కోసం గుట్ట ఎక్కిన మనిషి పోలీసుల కోసం పెట్టిన మందుపాతర తొక్కి చచ్చిపోయిండు. ఆయన ఏ పార్టీ? ఖాకీ ఇంటి చెల్లె చెప్పినట్టు తుపాకులు పోతే మాకంటే ఎక్కువ సంతోషపడేవాళ్లు లేరు. కానీ తుపాకులు పోయినంక మా దగ్గరికి ఎవరొస్తరు అన్నదే మాకు ముఖ్యం. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి కొండాయి మునిగినప్పుడు మనుషులు కొట్టుకుపోయిన్రు, ఆ రోజు మా వాళ్లు చెట్లు పట్టుకొని, డాబాల మీద నిలబడి ఎదురుచూసిన్రు. క్యాంపుకు రోడ్డు తొందరగా పడతది, వాగు మీద బ్రిడ్జికి ఏండ్లు పడతది. దీన్ని మేము చూస్తూనే ఉన్నం కదా.

గొత్తికోయల సంగతి ఎవరూ రాయలే. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో నక్సలైట్ల మీదికి ఊరోళ్లకే తుపాకులిచ్చి పంపిన సల్వాజుడుం మొదలైనప్పుడు ఊర్లు కాలిపోయి ఇటు వచ్చినోళ్లు. సుప్రీంకోర్టు 2011లో సల్వాజుడుం తప్పు అన్నది, వీళ్ల ఊర్లు మాత్రం తిరిగి రాలే. మా అడవుల్లో గుడిసెలు వేసుకున్నరు, ఫారెస్టు వాళ్లు పీకేస్తరు, ఇంకొంచెం లోపలికి పోయి వేసుకుంటరు. వాళ్ల పిల్లలు నా బడికి వస్తరు. అక్కడ ఎస్టీ, ఇక్కడ కులం సర్టిఫికెట్ ఇయ్యరు. పదో తరగతి అయినంక హాస్టల్ సీటు కావాలంటే ఆ కాగితం లేక ఆగిపోయిన ఆడపిల్లను మిరప తోటలో కూలికి పోతుంటే చూసిన. మంచి మార్కులు వచ్చేవి ఆ పిల్లకు. గాజా పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లను నేను ఒక్క మాట అనను, ఆ ప్రేమ నిజమైందే. ఇల్లు కాలి పొరుగు రాజ్యం వచ్చిన పిల్లలు మన జిల్లాలో ఉన్నరు, వాళ్లను కూడా చూడండి అని మాత్రం అడుగుతున్న.

అడవి_బీటు
నేను ఫారెస్టులో చేస్తా, ఏ రేంజో అడగొద్దు. అక్కా మీరు చెప్పిన దాంట్లో నిజముంది. కానీ 2022 నవంబర్ల చండ్రుగొండ దగ్గర మా రేంజర్ సార్‌ను గొత్తికోయలు కత్తులతో నరికి చంపిన్రు, ప్లాంటేషన్ మొక్కలు కాపాడబోయినందుకు. 2019ల సార్సాలల ఒక ఆఫీసర్ మేడంను ట్రాక్టర్ మీద నిలబెట్టి కర్రలతోటి కొట్టింది దేశం మొత్తం చూసింది. పై నుంచి హరితహారం టార్గెట్ వస్తది, కందకం కొట్టు, మొక్కలు పెట్టు అంటరు, కింద అదే జాగల మనిషి జొన్న చల్లుకొని ఉంటడు. నడుమ నిలబడేది లాఠీ తప్ప ఏం లేని బీట్ ఆఫీసర్. ఎవరిది ఏ భూమో సర్వే చేసి హద్దు రాయి పాతితే మాక్కూడా కొట్లాట తప్పుతది. కొత్తగా నరికే అడవి ఆగాలె, పాత పోడుకు కాగితం పడాలె, రెండూ కావాలె.

ఉట్నూర్_గోండ్
రాం రాం. మా ఆదిలాబాద్ దిక్కు సంగతి చెప్తా. ఈ ఏడాది మే 30న జీవో 49 తెచ్చిన్రు, కుమ్రం భీం పేరు మీదనే టైగర్ కన్జర్వేషన్ రిజర్వ్, కవ్వాల్ నుంచి తడోబా దాక పులులు తిరిగే దారి అని. దాదాపు లక్షన్నర హెక్టార్లు. ఏ గూడెంల గ్రామసభ పెట్టి అడిగిన్రు? జల్ జంగల్ జమీన్ అని 1940ల జోడేఘాట్ గుట్టల్ల పానం ఇచ్చిన మనిషి పేరు పెట్టి, ఆ గుట్టల కింద బతికెటోళ్లను అడగకుండ జీవో ఇస్తే కడుపు మండదా? బంద్ పెట్టినం, ఆసిఫాబాద్ మొత్తం బయటికొచ్చింది, జూలై 21న జీవో ఆపిన్రు. ఆపిన్రు అంతే, రద్దు చెయ్యలే. పులి మీద మాకు కోపం లేదు, పులి మా దేవుళ్లల్ల ఉన్నది. అడగకుండ రాసే కాగితం మీదనే కోపం.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల గూడ జనం భూమి పట్టాలు అడగనీకే సంతకు వచ్చిన్రు. కాల్పుల్ల 13 మంది అని సర్కారు లెక్క, మా పెద్దలు చెప్పేది దానికంటె మస్తు ఎక్కువ. అప్పుడు అడిగింది, ఇప్పుడు అడిగేది ఒక్కటే.

తండా_బిడ్డ_మహబూబాబాద్
మంచిగ చెప్పినవ్ అన్నా. పోడు మాక్కూడ ఉన్నది, మా తండాల సగం మందికి పట్టా రాలే. కానీ ఇదే మాట మీదికి వచ్చినప్పుడు మీ దిక్కు మీటింగులల్ల లంబాడోళ్లను ఎస్టీల నుంచి తీసెయ్యాలె అంటరు కదా, 1976ల మమ్మల్ని కలిపింది పార్లమెంట్, మేం దొంగతనంగ రాలే. ఫారెస్టోళ్లు కందకం కొట్టేటప్పుడు కోయనా లంబాడా అని అడగరు.

ఉట్నూర్_గోండ్
చెల్లె, కోపం చేసుకోకు, నా మనసుల ఉన్నది దాచకుండ చెప్త. మీ తండా బాధ బాధనే. గని మా ఏజెన్సీల బడి పంతులు కొలువులు, గిరిజనుల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు కొలువులు, భూములు లెక్క తీస్తే గోండులు, కొలాములు, తోటీలు ఎక్కడున్నరో నువ్వే చూడు. ఏజెన్సీల టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్ల సుప్రీంకోర్టు కొట్టేసింది, అప్పటి సంది మా పిల్లలకు ఉన్న ఒక్క దారి గూడ మూసుకపోయింది. రిజర్వేషన్ సంగతి మీద నేను నీతోటి ఒప్పుకోను. పోడు పట్టా సంగతి మీద నీ పక్కకే నిలబడ్త.

తండా_బిడ్డ_మహబూబాబాద్
సరే అన్నా. నేను గూడ ఒప్పుకోను. పట్టా కాడ మాత్రం కలిసే పోదాం.

భూపాలపల్లి_సింగరేణి
ఒక్క అనుమానం. 2023 జూన్ 30న ఆసిఫాబాద్ల కేసీఆర్ పోడు పట్టాలు ఇచ్చిండు కదా, లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలు అని పేపర్లన్నిట్ల వచ్చింది. మళ్ల పట్టా లేదు అంటరేంది అందరు? ఇచ్చినకొద్దీ అడవి నరుకుతరు అని మా కాలనీల అంటరు.

ఏటూర్నాగారం_టీచరమ్మ
అన్నా, వచ్చినవాళ్లకు వచ్చింది, మంచి పని, కాదనను. రైతుబంధు కూడా పడింది వాళ్లకు. రానివాళ్లు కూడా చాలామంది ఉన్నరు. ఇక నరకడం గురించి: అటవీ హక్కుల చట్టం 2006 కొత్తగా నరికినోళ్లకు ఇయ్యమనలేదు. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి దున్నుకుంటున్న భూమికే హక్కు, అదీ 4 హెక్టార్లు దాటొద్దు. ఆ పట్టా అమ్ముకోనీకి లేదు, పిల్లలకు మాత్రం పోతది, మొగుడు పెండ్లాల ఇద్దరి పేరు మీద ఉంటది. దరఖాస్తు తేలేదాక మనిషిని భూమి మీద నుంచి లేపొద్దు అని చట్టంలోనే రాసి ఉన్నది. ఇదంతా మా వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

గోవిందరావుపేట_యువకుడు
అక్కా నమస్తే, మీ అందరి మాటలు చదివి ధైర్యం చేసి అడుగుతున్న. మేం కోయలం. మా తాత పేరు మీద దరఖాస్తు పెట్టినం, రిజెక్ట్ అయింది అని కార్యదర్శి నోటి మాట చెప్పిండు, కాగితం ఏం ఇయ్యలే. శాటిలైట్ ఫొటోల మా చేను అడవి లెక్క కనవడ్డదట. ఇగ ఏం చెయ్యలేమా? మా బాపు ఈ ఆలోచనతోటే తాగుడుకు అలవాటైండు.

ఏటూర్నాగారం_టీచరమ్మ
తమ్మీ ఎందుకు చెయ్యలేం, చేద్దాం. నోటి మాట రిజెక్ట్ అసలు రిజెక్టే కాదు. ఎందుకు తీసేసిన్రో కారణంతో సహా మీకు రాసి ఇయ్యాలె, ఆ కాగితం వచ్చినంక 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు. గ్రామసభ కాదంటే సబ్ డివిజన్ కమిటీకి, సబ్ డివిజన్ కాదంటే జిల్లా కమిటీకి. కాబట్టి ముందు ఆ కాగితం ఇయ్యమని రాసి, రెండో కాపీ మీద రసీదు ముద్ర వేయించుకో. శాటిలైట్ ఫొటో వేరే రుజువులకు తోడు మాత్రమే, దాన్ని ఒక్కటే చూపించి కొట్టెయ్యొద్దని 2012 సవరణలో ఉంది. కనీసం రెండు రుజువులు కావాలె. ఊరి పెద్దమనిషి, అంటే మీ ఇంటివాళ్లు కాకుండా వేరే ముసలాయన, ఈ భూమి వీళ్లు దున్నంగ నేను చూసిన అని చెప్పింది రాసుకుంటే అది ఒక రుజువు. రెండోది ఇంట్ల వెతుకు. మా ఊర్ల ఒక అవ్వ వాసాల నడుమ ప్లాస్టిక్ కవర్ల దాచిన కాగితాలు తీస్తే అందులో 90లల్ల ఫారెస్టు వాళ్లు పోడు కొట్టినందుకు రాసిన జరిమానా రసీదు ఉన్నది, పాచిపట్టి, మడతల దగ్గర చినిగి. అవ్వ అది ఏదో తప్పు కాగితం అని ఎవరికీ చూపించలే. భూమి అప్పటికే వాళ్ల చేతుల ఉన్నదని సర్కారే రాసిచ్చిన సాక్ష్యం కదా అది!

గోవిందరావుపేట_యువకుడు
అక్కా మా తాత మీద గూడ కేసు రాసిన్రు, ములుగు కోర్టుకు తిరిగిండు. ఆ కాగితాలు మా మేనత్త ఇంట్ల ఉండొచ్చు.

రిటైర్డ్_మాస్టర్_ములుగు
బాబూ, కాగితాలు దొరకకపోతే కోర్టులో పాత కేసు నకలు తీయవచ్చు, కేసు నంబరు, సంవత్సరం తెలిస్తే చాలు. నకలు దరఖాస్తు నేను రాసిపెడతా. వచ్చే వారం నుంచి సర్పంచ్ ఎన్నికల హడావుడిలో ఆఫీసుల్లో ఎవరూ దొరకరు, డిసెంబర్ 17తో మూడు విడతలూ అయిపోతాయి, ఆ లోపల కాగితాలు వెతికి పెట్టుకో.

అడవి_బీటు
పాత జరిమానా రసీదుల రిజిస్టర్లు రేంజ్ ఆఫీసులో కూడా ఉంటయి. సమాచార హక్కు కింద అడుగు తమ్మీ, బీట్ పేరు, కంపార్ట్‌మెంట్ నంబర్ తప్పకుండ రాయి, అవి లేకపోతే దొరకలే అని పంపిస్తరు.

హన్మకొండ_పోరడు
మాస్టారూ, నకలుకు అయ్యే ఖర్చు నేను చూసుకుంట, కోర్టుకు నేను గూడ వస్త. ఓటు అడగనీకి వచ్చిన ప్రతి సర్పంచ్ క్యాండిడేట్‌ను ఏజెన్సీ ఊర్లోళ్లు ఒక్క మాట అడుగుండ్రి: మన ఊర్ల అటవీ హక్కుల కమిటీ ఉన్నదా, దాంట్ల ఎవరెవరున్నరు, రిజిస్టర్ ఎవరి దగ్గర ఉన్నది? గ్రామసభ ఎన్నుకున్న 10 నుంచి 15 మంది ఉండాలె అండ్ల. వాళ్లేమన్నరో ఇక్కడ రాయుండ్రి.

ఏటూర్నాగారం_టీచరమ్మ
మా ఊరిది నేను అడిగిన. కమిటీలో ముగ్గురు చనిపోయిన్రు, వాళ్ల జాగల ఎవరినీ ఎన్నుకోలే. రిజిస్టర్ పాత కార్యదర్శి బదిలీ అయినప్పుడు ఎటు పోయిందో తెలియదు. ఎన్నికలయినంక మొదటి గ్రామసభలో ఇదే మొదటి అంశంగా పెట్టాలని మహిళా సంఘం తరఫున దరఖాస్తు రాస్తున్నం.